బౌండరీ లేయర్ నుంచి సుడుల దాకా: గేట్ పరీక్ష కోసం ఈ చాప్టర్ ఎలా చదివానంటే

ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో బౌండరీ లేయర్ పేరు వింటేనే టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉన్నారు. సూత్రాలు ఎక్కువ, పైగా దేనికదే అన్నట్టు కనిపిస్తాయి. నాకు కలిసొచ్చిన పద్ధతి ఒకటే. ఏ ప్రశ్న వచ్చినా ముందు గోడను అంటుకుని ఉన్న పల్చటి పొరను, అంటే బౌండరీ లేయర్‌నే చూడాలి. అది ముందుకు పోయేకొద్దీ ప్రెజర్ తగ్గుతోందా, పెరుగుతోందా? ఇది తేలితే సగం లెక్క అయిపోయినట్టే.

ఈ పొర ఆలోచన 1904లో జర్మన్ శాస్త్రవేత్త ప్రాంట్ల్ చెప్పింది. గాలి, నీళ్ల లాంటి వాటిలో విస్కాసిటీ (లోపలి రాపిడి, జిగట) ప్రభావం చాలావరకు ఆ పొరలోనే ఉంటుంది. బయట ప్రవాహాన్ని విస్కాసిటీ లేనట్టుగానే లెక్కించుకోవచ్చు.

గాలికి అడ్డంగా పెట్టిన సిలిండర్ ఉదాహరణ ఒక్కటి బాగా పట్టుకోండి. కాగితం మీద వృత్తం గీసి, ఎదురుగా గాలి తగిలే చోటు సున్నా డిగ్రీలు అనుకోండి. అక్కడ ప్రెజర్ గరిష్ఠం. పక్కలకు వెళ్లేకొద్దీ వేగం పెరిగి ప్రెజర్ పడిపోతుంది. ఐడియల్ ఫ్లో ప్రకారం 90 డిగ్రీల దగ్గర కనిష్ఠం, ఆ తర్వాత మళ్లీ పెరుగుదల. గోడ దగ్గరి పొర రాపిడికి శక్తి పోగొట్టుకుని వస్తుంది కాబట్టి ఆ పెరుగుదలకు ఎదురీదలేదు. గోడ దగ్గర వేగం వాలు సున్నా అయిన చోట ప్రవాహం విడిపోతుంది. అదే సెపరేషన్. దాని వెనక ప్రవాహం తిరగబడి సుడులు పుడతాయి.

ఇక్కడ ఒక డౌట్ రావాలి, రాకపోతే ఆగి ఆలోచించండి. పొర లామినార్‌గా (కలగాపులగం కాకుండా సాఫీగా) ఉంటే సెపరేషన్ సుమారు 80 డిగ్రీల దగ్గర అని పుస్తకాల్లో ఉంటుంది. ప్రెజర్ పెరగడం 90 తర్వాత కదా, మరి ముందే ఎలా విడిపోయింది? వెనక ఏర్పడిన వెడల్పాటి వేక్ (సుడులతో నిండిన ప్రాంతం) బయటి ప్రవాహాన్నే మార్చేస్తుంది. దాంతో అసలు ప్రెజర్ కనిష్ఠం 70 డిగ్రీల దగ్గరికి జరుగుతుంది. నాకు ఈ చాప్టర్‌లో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. బయటి ప్రవాహం, పొర, వేక్ ఒకదాన్నొకటి మార్చుకుంటాయని ఇక్కడే అర్థమవుతుంది.

అదే పొర టర్బులెంట్ (అల్లకల్లోలంగా కలిసిపోయేది) అయితే బయటి వేగం గోడ దాకా చేరి, సెపరేషన్ సుమారు 120 డిగ్రీలకు వెనక్కి పోతుంది. వేక్ సన్నబడుతుంది. నున్నటి సిలిండర్‌కి రెనాల్డ్స్ నంబర్ (విస్కాసిటీతో పోలిస్తే ప్రవాహ జడత్వం ఎంతో చెప్పే అంకె) 3 లక్షల దగ్గర డ్రాగ్ కోఎఫిషెంట్ (ప్రవాహం వెనక్కి నెట్టే బలానికి కొలత) 1.2 నుంచి 0.3 దాకా పడిపోవడానికి కారణం ఇదే.

ఇక సుడుల లెక్క. రెనాల్డ్స్ నంబర్ 40 దాకా సిలిండర్ వెనక రెండు సుడులు కదలకుండా ఉంటాయి. 50కి చేరేలోపే ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి వంతులవారీగా విడిపోవడం మొదలవుతుంది. అదే కార్మన్ వోర్టెక్స్ స్ట్రీట్. కొన్ని వందల నుంచి లక్ష దాకా స్ట్రౌహాల్ నంబర్ (సుడులు విడిపోయే ఫ్రీక్వెన్సీ × మందం ÷ వేగం) దాదాపు 0.2. హైటెన్షన్ లైన్ తీగ 3 సెంటీమీటర్ల మందం, గాలి సెకనుకు 3 మీటర్లు అనుకుంటే రెనాల్డ్స్ నంబర్ 6000, ఫ్రీక్వెన్సీ 20 హెర్ట్జ్. ఈ వణుకుకి తీగలు అలిసిపోయి తెగకుండా ఇన్సులేటర్ల పక్కన డంబెల్ ఆకారంలో డ్యాంపర్లు వేలాడదీస్తారు. ఈసారి టవర్ల కింద నుంచి వెళ్లేటప్పుడు తలెత్తి చూడండి, కనిపిస్తాయి.

అమెరికాలోని టకోమా వంతెన విషయంలో మాత్రం జాగ్రత్త. 1940 నవంబర్ 7న అది కూలడానికి సుడుల రెజోనెన్సే (సుడుల ఫ్రీక్వెన్సీ, వంతెన ఊగే ఫ్రీక్వెన్సీ కలవడమే) కారణమని చాలా నోట్స్‌లో రాసి ఉంటుంది. ఆ రోజు గాలికి సుడులు విడిపోయే ఫ్రీక్వెన్సీ దాదాపు 1 హెర్ట్జ్, వంతెన మెలితిరిగింది 0.2 హెర్ట్జ్ దగ్గర. రెండూ కలవవు. వంతెన కదలికే గాలి నుంచి శక్తిని లాక్కుంటూ పెరిగింది, దాన్ని ఫ్లట్టర్ అంటారు. ఇంటర్వ్యూలో అడిగితే ఈ రెండు అంకెలూ చెప్పండి.