తమ్ముడి ముక్కు మీద సెగ్గడ్డ

వద్దంటున్నా వినకుండా అద్దం ముందు నిలబడి చిదిపేశాడు. మూడో రోజుకి 103 జ్వరం, కంటి వెనక ఒకటే పోటు. తెల్లారేసరికి ఎడమ రెప్ప బూరెలా ఉబ్బింది. వీధి చివరి ఆర్‌ఎంపీ కళ్ళకలకని చుక్కల మందిచ్చాడు. కలకైతే కనుగుడ్డు ముందుకి పొడుచుకొస్తుందా? పైగా "అక్కా, ఇద్దరుగా కనిపిస్తున్నావే" అన్నాడు వాడు. సాయంత్రానికి రెండో కన్నూ వాచింది. ఇక ఆగలేదు, ఆటో ఎక్కించి గుంటూరు తీసుకుపోయాను. ఎమ్మారై తీసి, కళ్ళ వెనకుండే కావెర్నస్ సైనస్ అనే పెద్ద సిరలో రక్తం గడ్డకట్టిందన్నారు. ముక్కు, పైపెదవి చుట్టూ ఉండే సిరలకి అక్కడిదాకా దారుందట. సెగ్గడ్డలోని క్రిములు ఆ దారే పట్టాయి. మూడు వారాలపాటు నరానికి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. చూపు దక్కింది. ఎడమవైపు చూసినప్పుడు మాత్రం ఎడమ కన్ను ఇంకా కాస్త వెనకబడుతోంది.