కోపిటియం గుడ్డు: పద్నాలుగో ప్రయత్నం, నాలుగింట్లో మూడు

నిన్న పొద్దున ఆరున్నరకి నేను వేసిన కేకకి మా ఆయన పళ్ళు తోముకుంటూనే వంటింట్లోకి పరిగెత్తుకొచ్చారు. కోపిటియం అంటే ఇక్కడ మలేషియాలో కాఫీ కొట్టు, అక్కడ ఇచ్చే సగం ఉడికిన గుడ్డు కోసం నాలుగు కొడితే మూడు అచ్చం కొట్టులో ఇచ్చినట్టే వచ్చాయి! తెల్లసొన లేత తాటిముంజెలా వణుకుతూ పెంకులోంచి తనంతట తానే జారింది, దాని నడుమ పచ్చసొన చెదరకుండా గిన్నెలో పడింది. చెంచా అంచు తగలగానే పగిలి చిక్కటి తేనెలా పారింది. నాలుగో గుడ్డు మాత్రం మళ్ళీ అదే తంతు. పచ్చసొన చుట్టూ ఉడకని గాజు పొర. ఈసారి రాస్తున్నదంతా ఆ పొర గురించే.

ముందు మిగతా వాటి సంగతి చెప్పేస్తాను. మేముండే ఇపో ఊళ్ళో మా వీధి చివరి కోపిటియంలో దొరికే పొద్దుటి పళ్ళెం మొత్తం ఇంట్లో చేయాలని సంక్రాంతి నుంచీ పట్టు పట్టాను కదా. కాయా, అంటే రొట్టెకి రాసే కొబ్బరిపాలు, గుడ్ల తీపి జామ్, కుదిరింది. పక్కింటి పిన్నిగారు దగ్గరుండి చేయించారు, సన్న సెగ మీద గంటన్నర. వాళ్ళ తాతల కాలంలో బాగన్ డాతుక్ కొబ్బరి తోటల్లో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది, అందుకే కొబ్బరిపాల విషయంలో డబ్బా పాలు అంటే ఒప్పుకోరు. రొట్టె కూడా కుదిరింది: రోటీ బెంగాలీ (ఇక్కడి మెత్తటి తెల్ల బ్రెడ్డు) కాల్చి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన ఎస్.సి.ఎస్. వెన్న ముక్క కరిగేలోపు మూసేయడం. కాఫీకి మార్జరీన్‌తో వేయించిన ఇపో వైట్ కాఫీ పొడి, గుడ్డ సంచిలో వడకట్టడం. హడావుడి రోజుల్లో మలక్కా వాళ్ళ ఐక్ చియోంగ్ కోపి-ఓ (పాలు లేని కాఫీ) సంచులు, వాటికి నా ఓటు ఎప్పుడూ ఉంటుంది.

మిగిలిన కొరకరాని కొయ్య గుడ్డు. ఇక్కడ తెలుర్ సెపారుహ్ మసక్ అంటారు, అంటే సగం ఉడికిన గుడ్డు. పొయ్యి మీద పెట్టేది ఏమీ ఉండదు. మరిగిన నీళ్ళు పోసి, మూత పెట్టి, వదిలేయడమే. అంత తేలిగ్గా కనిపించేదే నన్ను నాలుగు నెలలుగా తిప్పుతోంది.

మొదటి నాలుగు ప్రయత్నాలూ దండగ. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి వాడాను. స్టీలు గిన్నెలో లీటరు మరిగే నీళ్ళు, నాలుగు గుడ్లు, మూత, 7 నిమిషాలు. కొడితే తెల్లసొన నీళ్ళలా కారిపోయింది. 9 నిమిషాలు ఉంచితే పెంకుకి ఆనుకున్న తెల్లసొన గట్టిపడి పెంకుకే అంటుకుపోయింది, లోపలిది పచ్చిగానే ఉంది. చెంచాతో గీరి తీయాల్సి వచ్చింది. నిజానికి ఈ ఊళ్ళో దుకాణాల్లో 30 గుడ్ల అట్టలు బయటే పేర్చి ఉంటాయి, కోపిటియంలోనూ అంతే. తెచ్చి ఫ్రిజ్‌లో సర్దేది నేనే, విజయవాడ నుంచి వచ్చిన అలవాటు.

ఐదో ప్రయత్నం నుంచి రాత్రే గుడ్లు బయట పెట్టాను. పొద్దున్నకి 28, 29 డిగ్రీలు. 7 నిమిషాలకి చాలా మెరుగు. తెల్లసొన పాల రంగుకి వచ్చింది, కానీ పచ్చసొనని ఆనుకుని అర సెంటీమీటరు మందాన పారదర్శకంగా జిగురు. ఈ గాజు పొరని నేను మొదటిసారి సరిగ్గా చూసింది అప్పుడే. 8 నిమిషాలు ఉంచితే పొర సన్నబడింది గానీ పచ్చసొన అంచు ముద్ద కట్టింది. 7 నిమిషాల 30 సెకన్లకి రెండు తప్పులూ తలా కొంచెం వచ్చాయి.

కారణం కొంత అర్థమైంది. తెల్లసొన సుమారు 62 డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలెడుతుంది, కానీ అందులో ఎక్కువ భాగం ఉండే మాంసకృత్తు 80 దాకా పూర్తిగా లొంగదు. పచ్చసొన 65 దగ్గర చిక్కబడి 70 దగ్గర గట్టిపడుతుంది. అంటే బయటి నుంచి లోపలికి వేడి వెళ్ళే దారిలో ఒక సన్నటి సందు ఉంది, మనం ఆగాల్సింది అక్కడ. నిమిషాలు లెక్కపెడితే సరిపోదు, నీళ్ళ వేడి ఎంత త్వరగా పడిపోతోందో కూడా చూడాలి. అప్పుడే థర్మామీటర్ కొన్నాను. స్టీలు గిన్నెలో పోయగానే 93, గుడ్లు వేసి 6 నిమిషాలు ఆగితే 80. గిన్నెకి ముందే వేడి నీళ్ళు తిప్పి పారబోస్తే మొదలు 96, ఆరు నిమిషాలకి 83. మూడు డిగ్రీల తేడా చిన్నదేం కాదు.

తర్వాత అడుగున చిల్లు ఉన్న ప్లాస్టిక్ గుడ్ల డబ్బా కొన్నాను. పై డబ్బాలో గుడ్లు పెట్టి నీళ్ళు పోస్తే బొట్టుబొట్టుగా కింది డబ్బాలోకి దిగుతాయి, మొత్తం దిగితే గుడ్డు తయారు. చూస్తే ముచ్చటేస్తుంది. నేను కొన్నదాంట్లో మాత్రం చిల్లు సన్నం, దిగడానికి 11 నిమిషాల 20 సెకన్లు పట్టింది. సూదితో పెద్దది చేస్తే 7 నిమిషాలకే ఖాళీ. పైగా నీళ్ళు సగం దిగేసరికి గుడ్ల పైభాగాలు తేలిపోతాయి, ఆ వైపు తెల్లసొన పచ్చిగానే ఉండిపోతోంది. రెండు గుడ్లకి పనికొస్తుందేమో, నాలుగింటికి మూత ఉన్న గిన్నే మేలు. ఇది నా గట్టి అభిప్రాయం.

పదో ప్రయత్నం కామెరాన్ హైలాండ్స్ కొండల్లో. తనహ్ రాతాలో రెండు రోజులు ఉన్నాం, థర్మామీటర్ వెంట తీసుకెళ్ళాను. ఆ ఊరు 1,400 మీటర్ల పైన ఉంది, కెటిల్‌లో నీళ్ళు 95 డిగ్రీలకే మరిగిపోయాయి. గుడ్లు కూడా చలికి 19 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. 9 నిమిషాలు ఉంచినా గాజు పొర చిటికెన వేలంత మందం. ఆ రోజు గుడ్లు పాడైనా నాకు బాధ వేయలేదు, ఎందుకంటే గుడ్డు మొదట ఎంత వేడిగా ఉంది, నీళ్ళు మొదట ఎంత వేడిగా ఉన్నాయి, ఈ రెండే నిమిషాల కంటే ముఖ్యమని అక్కడే తేలిపోయింది. బో తోటల టీ తాగుతూ ఆ లెక్కలన్నీ పుస్తకంలో రాసుకున్నాను.

తిరిగొచ్చాక ధైర్యం చేసి వీధి చివరి కొట్టులో అంకుల్‌నే అడిగాను. డెబ్బై దాటిన మనిషి, ఎవరొచ్చినా ఆర్డర్ చెప్పకముందే కోపి-ఓనా, డబ్బా పాలు పోసే కోపి-సినా అని మొహం చూసి పోల్చేస్తాడు. మలయ్‌లో చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది: మొదటి నీళ్ళు గుడ్డుని లేపడానికి, రెండో నీళ్ళు వండటానికి. దగ్గర నిలబడి చూశాను. ఇనప మగ్గులో గుడ్లు పెట్టి, పెద్ద కుండ కొళాయి కింద వేడి నీళ్ళు నింపాడు, అర నిమిషానికే పారబోశాడు. మళ్ళీ నిండా నింపి పైన సాసర్ బోర్లించాడు. గడియారం వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఈలోపు మూడు టేబుళ్ళకి చామ్ (కాఫీ, టీ కలిపినది) కలిపి ఇచ్చాడు, తిరిగొచ్చి గుడ్లు తీశాడు. నా ఫోన్‌లో చూస్తే 6 నిమిషాల 10 సెకన్లు.

పదకొండు నుంచి పద్నాలుగు వరకూ ఇదే పద్ధతి. మొదటి నీళ్ళు 40 సెకన్లు, రెండోవి 6 నిమిషాలు. పదకొండులో నాలుగుకి ఒకటి, పన్నెండులో రెండు, పదమూడులో టెన్షన్‌లో మూత తీసి తీసి చూడటంతో ఒకటీ రాలేదు. నిన్న మూడు.

ఆ నాలుగోది ఎందుకు రాలేదు? పెంకు పారేయకుండా ఉంచి, మిగతా మూడింటి పెంకులతో కలిపి చూశాను. అదే అన్నిటికంటే పెద్దది. అట్టలో మిగిలిన గుడ్లు తూస్తే 61 నుంచి 68 గ్రాముల దాకా ఉన్నాయి. ఏడు గ్రాముల తేడాకి అంత పొర మిగులుతుందా? మిగలొచ్చు, వేడి నడిచే దూరం పెరుగుతుంది కదా. ఇంకో అనుమానం కూడా ఉంది. అది గిన్నె అంచుకి ఆనుకుని ఉంది, మిగతా మూడూ నడుమ ఉన్నాయి. స్టీలు అంచు బయటి గాలికి చల్లారుతుంది. పిన్నిగారేమో గుడ్డు మరీ తాజాది అయ్యుంటుంది, నాలుగు రోజులు ఆగమంటున్నారు. పూర్తిగా కొట్టిపారేయలేను, తాజా గుడ్డు పెంకుకి ఎక్కువ అంటుకుంటుందన్నది నిజమే. కానీ ఆ నాలుగూ ఒకే అట్టలోవి.

తిన్న విషయానికొస్తే, మూడు గుడ్లలో లేత సోయా నాలుగు చుక్కలు, సరవాక్ తెల్ల మిరియాల పొడి. కొన్ని కొట్లలో చిక్కటి నల్ల సోయా పోస్తారు. నాకు అది గుడ్డు రుచిని మింగేసినట్టే ఉంటుంది. మా వాడు కాయా రొట్టె ముక్కని పచ్చసొనలో ముంచి తిని, ఇంకోటి లేదా అని అడిగాడు. నాలుగోది అడక్కుండా వాళ్ళ నాన్న తినేశారు.

పదిహేనో ప్రయత్నం ఆదివారం. అన్నీ 60 నుంచి 63 గ్రాముల మధ్యవే ఏరి పెట్టాను, వాటి మీద పెన్సిల్‌తో అంకెలు వేశాను. గిన్నెలో ఏ గుడ్డు ఎక్కడ ఉందో బొమ్మ గీసుకుంటాను. గిన్నెకి చుట్టూ తువ్వాలు చుడతాను. బరువు కారణమా అంచు కారణమా తేలడానికి ఒక్కసారి సరిపోదు, కనీసం మూడు పొద్దుళ్ళు కావాలి. అప్పటిదాకా పిల్లవాడి టిఫిన్‌కి ఢోకా లేదు.

స్కూలు సెలవులకి జొహోర్ వైపు వెళ్ళాలని ఉంది. క్లువాంగ్ ఊళ్ళో 1938లో రైల్వే స్టేషన్‌లో మొదలైన కాఫీ కొట్టు ఉంది, అక్కడి గుడ్డు తినాలి. మా ఆయన బావగారి ఇల్లు కూడా ఆ దారిలోనే ఉందని టిక్కెట్ల సంగతి అప్పుడే చూస్తున్నారు. థర్మామీటర్‌కి కొత్త బ్యాటరీ వేసి సంచిలో పెట్టేశాను.