ఆటగాడే మేనేజర్ అయిన రోజు

ఉప్పల్ స్టేడియంలో కెప్టెన్ చేయి ఊపి ఫీల్డర్లను జరపడం చూస్తూ పెరిగిన మా హైదరాబాదీలకు బేస్‌బాల్‌లో మొదట వింతగా తోచేది మేనేజర్ పదవి; ఎవరు ఆడాలో, బౌలర్‌లాంటి పిచర్‌ను ఎప్పుడు మార్చాలో ఆయనే నిర్ణయిస్తాడు. అమెరికా బేస్‌బాల్ ఆటగాడు ఫ్రాంక్ రాబిన్సన్ జీవితం చదివాకే ఆ బరువు నాకు అర్థమైంది.

అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లోనూ, అంటే 1961లో నేషనల్ లీగ్‌లోనూ, 1966లో అమెరికన్ లీగ్‌లోనూ అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచి, మొత్తం 586 హోమ్ రన్‌లు (క్రికెట్‌లో సిక్సర్‌లాంటివి) కొట్టిన ఆయన, 1975లో క్లీవ్‌లాండ్ జట్టుకు ఆటగాడిగా ఉంటూనే మేనేజరయ్యాడు. మేజర్ లీగ్‌లో ఆ పదవి పొందిన తొలి నల్లజాతీయుడు ఆయనే. ఏప్రిల్ 8న, మేనేజర్‌గా తొలి మ్యాచ్‌లో, తొలిసారి బ్యాటు పట్టగానే హోమ్ రన్ కొట్టాడు. కథలో రాస్తే అతిశయోక్తి అంటాం!

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం 1988. వరుసగా ఆరు మ్యాచ్‌లు ఓడిన బాల్టిమోర్ జట్టును చేపట్టి, ఆయన కూడా వెంటవెంటనే మరో పదిహేను ఓడాడు. మరుసటి ఏడాది అదే జట్టు 87 మ్యాచ్‌లు గెలవగా, అమెరికన్ లీగ్ ఉత్తమ మేనేజర్ పురస్కారం ఆయనకే దక్కింది.