వాన వెలిసినా చూరు కారుతూనే ఉంది

మొదట కనిపించింది నురగ. సబ్బునీళ్లు పోసినట్టు తెల్లగా, ఫ్లష్ చేసినా ఓ పట్టాన పోయేది కాదు. పట్టించుకోలేదు. సాయంత్రం సాక్స్ విప్పితే చీలమండ చుట్టూ గాడి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోవడం మొదలయ్యాక గానీ డాక్టర్ దగ్గరికి కదల్లేదు.

కిడ్నీలు వడపోసి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో క్రియాటినిన్ 0.9. నార్మలే కదా అని ఊపిరి పీల్చుకున్నాను. "వడపోత ఆగలేదు గానీ జల్లెడకు చిల్లులు పడ్డాయి" అన్నారు నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టర్. 24 గంటల మూత్రంలో 7.2 గ్రాముల ప్రోటీన్ పోతోంది. 150 మిల్లీగ్రాములు దాటకూడదట. రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ 2.3కి పడిపోయింది. అంత తగ్గితే రక్తం గడ్డలు కట్టే ప్రమాదం కూడా ఉంటుందని విన్న రాత్రి నిద్ర పట్టలేదు.

పీఎల్ఏ2ఆర్ యాంటీబాడీ అనే పరీక్ష పేరు అప్పుడే విన్నాను. మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే ఈ జబ్బులో, కిడ్నీ జల్లెడకు కాపలా ఉండే పోడోసైట్ కణాల మీది ప్రోటీన్‌నే మన రక్షణ వ్యవస్థ శత్రువనుకుని, దాని మీదికి యాంటీబాడీలను వదులుతుంది. ఆ ప్రోటీన్ పీఎల్ఏ2ఆర్ అని 2009లో తేలింది. వేరే జబ్బేదీ కారణం కాకుండా వచ్చే మెంబ్రేనస్‌లో ఎక్కువమందికి ఈ యాంటీబాడీ రక్తంలోనే దొరుకుతుంది. 20 దాటితే పాజిటివ్. నాది 186. మిగతా రిపోర్టులు సరిగ్గా ఉన్నాయి కాబట్టి కిడ్నీ ముక్క తీసి చూసే బయాప్సీ సూది అక్కర్లేదన్నారు.

వెంటనే పెద్ద మందులేమీ మొదలుపెట్టలేదు. దాదాపు మూడోవంతు మందికి దానంతటదే తగ్గుతుందట. బీపీ మాత్ర, నీరు లాగే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర ఇచ్చి మూడు నెలలు చూద్దామన్నారు. ఈలోగా నేనో తెలివితక్కువ పని చేశాను. దగ్గర్లో ఉందని వేరే ల్యాబ్‌లో యాంటీబాడీ పరీక్ష చేయించాను. వాళ్ల పద్ధతి వేరు. అంకె బదులు "పాజిటివ్, 1:100" అని వచ్చింది. దాన్ని 186 పక్కన పెట్టి ఏం పోల్చాలి? మళ్లీ పాత ల్యాబ్‌కే వెళ్తే 240.

మూత్రం డబ్బా సంగతీ చెప్పాలి. పొద్దున మొదటిసారి పోసింది పారబోసి, అప్పటినుంచి మర్నాడు పొద్దుటి మొదటిది దాకా ప్రతిదీ పట్టాలి. ఒకసారి బయట ఉండి ఒక విడత వదిలేశాను. ప్రోటీన్ 4.1 అని వస్తే ఎగిరి గంతేశాను. డాక్టర్ అదే రిపోర్టులో, రోజు మొత్తానికి దాదాపు ఒకేలా ఉండాల్సిన మూత్రంలోని క్రియాటినిన్ అంకె తగ్గడం చూసి, "అంతా పట్టలేదు కదూ?" అన్నారు. దొంగ దొరికిపోయాడు.

యాంటీబాడీ పెరుగుతోంది కాబట్టి ఇక ఆగొద్దని, యాంటీబాడీల తయారీని అణిచే రిటక్సిమాబ్ అనే మందు ఇచ్చారు. ముందు హెపటైటిస్ బి పరీక్ష, తర్వాత పదిహేను రోజుల తేడాతో గ్రాము చొప్పున రెండు డోసులు. మొదటిదానికి గొంతు దురద పెడితే డ్రిప్ కాసేపు ఆపి, వేగం తగ్గించి మళ్లీ పెట్టారు. రెండోది నిద్రలోనే అయిపోయింది.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. మూడో నెలలో యాంటీబాడీ 38కి దిగింది, ప్రోటీన్ మాత్రం 6.4. మందు పనిచేయలేదనే అనుకున్నాను. "వాన వెలిసినా చూరు కారుతూనే ఉంటుంది" అన్నారు డాక్టర్. కొత్త యాంటీబాడీలు ఆగినా, జల్లెడలో అప్పటికే పేరుకున్నవి కరిగి, గోడ బాగుపడటానికి నెలలు పడుతుందట. రక్తం అంకె ముందు నడుస్తుంది, మూత్రం అంకె వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే ఎన్ని రాత్రులు కలిసొచ్చేవో!

ఆరో నెలకు యాంటీబాడీ నెగటివ్, ప్రోటీన్ 3.3. ఏడాదికి 0.9, ఆల్బుమిన్ 3.8. సాక్స్ గాడి ఇప్పుడు పడటం లేదు. నురగ మాత్రం ఇంకా కొంచెం కనిపిస్తుంది, రోజూ వంగి చూస్తాను. యాంటీబాడీ మళ్లీ తల ఎత్తితే ముందు రక్తంలోనే తెలుస్తుందని మూడు నెలలకోసారి పరీక్ష రాశారు. వచ్చే నెల మళ్లీ డబ్బా తెచ్చుకోవాలి.