పొయ్యి పక్కన అల్లం బీరు

బీరు మీద సరదా ఉంది గానీ ఇంట్లో బార్లీతో కాచే ధైర్యం లేదు. లైసెన్సు లేకుండా అలా కాచడం మన రాష్ట్రంలో నేరం. అందుకే పోయిన ధనుర్మాసంలో అల్లం బీరు మొదలుపెట్టాను. రెండు మూడు రోజులు పులియనిచ్చి, గ్యాస్ పట్టగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తే ఆల్కహాల్ సాధారణంగా ఒక శాతం లోపే ఉంటుంది.

ముందు దీనికో తోడు కావాలి. గాజు సీసాలో రెండు గ్లాసుల నీళ్లు, రెండు చెంచాల అల్లం తురుము, రెండు చెంచాల పంచదార. పైన పల్చటి గుడ్డ కట్టి, రోజూ చెంచాడు అల్లం, చెంచాడు పంచదార వేసి కలపాలి. ఐదో రోజుకీ ఒక్క బుడగ లేదు. అమ్మ వచ్చి సీసా వాసన చూసింది.

"అల్లం చెక్కు తీశావా?"

"తీశానమ్మా, శుభ్రంగా."

"తరవాణి కుండని రోజూ సబ్బుతో తోమితే పులుస్తుందిట్రా?"

నిజమే. పులియబెట్టే ఈస్టు ఉండేది ఆ తొక్క మీదే. పైగా నేను పోసినవి బ్లీచింగ్ వాసన కొట్టే కుళాయి నీళ్లు. మళ్లీ మొదలు. ఈసారి మట్టి మాత్రం కడిగి తొక్కతోనే తురిమాను. నీళ్లు కాచి చల్లార్చాను. మా పాలకొల్లు చలి చలేమీ కాదు గానీ, తెల్లవారుజామున కాలువ మీద మంచు కమ్మితే వంటింటి గచ్చు జివ్వుమంటుంది. అమ్మ గంపలో వరిగడ్డి వేసి, సీసాని అందులో దూర్చి పొయ్యికి కాస్త దూరంగా పెట్టింది. ఆరో రోజు చెవి ఆనిస్తే లోపల సన్నగా చిటపట. తురుమంతా పైకి తేలి నురగ కట్టింది. వాసన కల్లులా పుల్లపుల్లగా ఉంది.

మొదటిసారి రెండు లీటర్లకి పావు కిలో పంచదార వేస్తే అచ్చం శ్రీరామనవమి పానకమే. చలికాలం గొంతులో ఘాటు తగలాలి గానీ కడుపులో బరువు పడకూడదు. అందుకని 120 గ్రాములకి దించి, దంచిన అల్లం పెంచాను. పావుగంట మరిగించి, పూర్తిగా చల్లారాక వడకట్టి, ఒక నిమ్మకాయ పిండి, అర కప్పు తోడు పోశాను. వేడి మీద పోస్తే ఈస్టు చస్తుంది. తాటిబెల్లంతోనూ చేశాను. అమ్మకి నచ్చింది, నాకు మాత్రం మళ్లీ బరువే అనిపించింది.

నింపింది కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిళ్లలో. గాజువైతే ఎప్పుడు పగులుతాయో తెలీదు, ప్లాస్టిక్‌దైతే నొక్కి చూస్తే తెలిసిపోతుంది. రాయిలా గట్టిపడగానే ఫ్రిజ్‌లోకి.

ఒక బాటిల్ మాత్రం గడ్డిలోనే మర్చిపోయాను. భోగి పొద్దున్న గుర్తొచ్చి మూత తిప్పానో లేదో, సగం పైకప్పుకి, సగం అక్కని తీసుకుని పండక్కొచ్చిన బావ కొత్త చొక్కాకి.

"భోగిపళ్లు పిల్లలకి కదయ్యా పోస్తారు!" అన్నాడాయన, తుడుచుకుంటూ.

ఫ్రిజ్‌లో ఉన్న రెండో బాటిల్ తీసి పకోడీలతో ఇస్తే చొక్కా సంగతి వదిలేశాడు. వెళ్లేటప్పుడు చిన్న సీసాలో కాస్త తోడు అడిగి పట్టుకెళ్లాడు.

మిగిలిన తోడుకి ఇప్పటికీ రోజూ అల్లం, పంచదార వేసేది అమ్మే. నేను మర్చిపోతానట.