ఒకటే ఆకు, ఇన్ని టీలు

చాలా ఏళ్లు గ్రీన్ టీ మొక్క వేరు, బ్లాక్ టీ మొక్క వేరు అనే అనుకున్నా, ఎవరైనా కాదంటే వాదించేదాన్ని కూడా. తర్వాత చదివితే ఏం తెలిసిందంటే, మొక్కలకి పేర్లు పెట్టిన లిన్నేయసే 1762లో వాటిని రెండు జాతులుగా రాసేశాడట, హమ్మయ్య, నేనొక్కదాన్నే కాదు! 1840ల్లో రాబర్ట్ ఫార్చూన్ అనే స్కాట్లాండ్ మొక్కల నిపుణుడు చైనా తోటలు స్వయంగా చూసొచ్చి రెండూ ఒకే మొక్క అని చెప్పాడు. కామెల్లియా సైనెన్సిస్, అన్నీ దాన్నుంచే.

మరి తేడా ఎక్కడంటే, యాపిల్ కోసి వదిలేస్తే ముక్కలు నల్లబడతాయి కదా, నలిగిన టీ ఆకులోనూ అదే జరుగుతుంది, లోపలున్న ఎంజైమ్‌కి గాలి తగిలి రంగూ రుచీ మారిపోతుంటాయి. ఆ మార్పుని ఎక్కడ ఆపేస్తే ఆ టీ.

గ్రీన్ టీకైతే అసలు మొదలవనివ్వరు, కోసిన ఆకుకి త్వరగా వేడి తగిలించి ఎంజైమ్ పని ఆపేస్తారు. చైనాలో ఎక్కువగా పెద్ద మూకుళ్లలో వేయిస్తారు, జపాన్‌లో ఆవిరి పట్టిస్తారు, అందుకే చైనా గ్రీన్ టీ లాంగ్‌జింగ్‌లో వేయించిన గింజల వాసన, జపాన్ గ్రీన్ టీ సెంచాలో పచ్చి ఆకు వాసన. వైట్ టీని వాడబెట్టి ఆరబెడతారు, అంతే. కానీ వేడితో ఆపరు కాబట్టి అది కొంచెం మారుతుంది, అంటే చాలామంది అనుకున్నట్టు అది గ్రీన్ టీకి తమ్ముడేం కాదు.

నాకు బాగా నచ్చింది ఊలాంగ్, అంటే ఆ మార్పుని మధ్యలో ఆపేసే టీ, దాని పనే వేరు. ఆకుల్ని వెదురు చేటల్లో ఎగరేస్తారు, అంచులు మాత్రం నలుగుతాయి, కాసేపు వదిలేస్తారు, మళ్లీ ఎగరేస్తారు, ఇలా గంటల తరబడి చేస్తే అంచు ఎర్రగా మధ్యలో పచ్చగా అవుతుంది, అప్పుడు వాసన చూసి ఇక చాలని వేడి పెట్టేస్తారు. ఇదంతా ముక్కుతో చేసే పని, అందుకే ఒక ఊలాంగ్ పూల వాసనేస్తే ఇంకోటి దాదాపు బ్లాక్ టీలా ఉంటుంది.

బ్లాక్ టీ అంటే ఆకుని వాడబెట్టి, నలిపి, పూర్తిగా మారనిచ్చి ఆరబెట్టడం. 1930ల్లో అస్సాంలో వచ్చిన సీటీసీ మెషిన్లు ఆకుని పళ్ల రోలర్ల మధ్య నలిపి, చింపి, చిన్న గుళ్లుగా చుట్టేస్తాయి, పాలలో కూడా గట్టిగా దిగేది అదే. అన్నట్టు డస్ట్ టీ అంటే ఊడ్చిన చెత్త కాదండీ, అది సైజు పేరు!

ఫ్యాక్టరీల్లో ఈ మార్పుని ఫెర్మెంటేషన్ అంటారు గానీ అందులో సూక్ష్మజీవుల పనేం లేదు. నిజంగా పులిసేది పూ-ఎర్ అనే చైనా టీ లాంటివే. అది చేసే యునాన్ రాష్ట్రంలో 1970ల నుంచి ఆకుని కుప్పపోసి, తడిపి, కప్పి వారాల తరబడి మగ్గబెడుతున్నారు, ఏళ్లు దాస్తే వచ్చే రుచి తొందరగా రావాలని. మొదటిసారి తాగినప్పుడు తడిమట్టి వాసనొచ్చి, పాడైపోయిందనుకుని పక్కన పడేశా, రెండేళ్ల తర్వాత అల్మారా సర్దుతుంటే దొరికింది, తాగితే అప్పటికన్నా బాగుంది.