వాటర్లూకి రాని సి సెక్షన్

మన పాత విద్యార్థుల సభకి వేసే సంచిక కమిటీ తరఫున ఆకాశవాణిగాడు మూడుసార్లు అడిగాడు. మొదటిసారి ఫోన్ చేసి "రెండు పేజీలు, మించితే కోసేస్తాం" అన్నాడు. రెండోసారి గ్రూపులో అందరి ముందూ పరువు తీశాడు. మూడోసారి నన్ను వదిలేసి మా ఆవిడకి ఫోన్ చేశాడు. ఏం రాయమంటావురా అంటే "నీ బొమ్మల గురించి రాయి, అందరూ నవ్వుకుంటారు" అన్నాడు. సరే, నవ్వుకోండి. కానీ బొమ్మల గురించి చెప్పాలంటే ముందు ఆ రోజు సంగతి చెప్పాలి. ఆ రోజు సంగతంటే సి సెక్షన్ పరువు సంగతి. ఏ, బి సెక్షన్ల వాళ్ళకి అభ్యంతరాలుంటే వేరే వ్యాసం రాసుకోండి.

1985, తొమ్మిదో తరగతి, కార్తీకమాసం. తుఫాను వెలిసి రెండు రోజులైంది. సోషల్ మాస్టారు నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధం పాఠం గ్రౌండ్‌లో ఆడించి చెబుతానన్నారు. ఏ సెక్షన్ ఇంగ్లీషు వాళ్ళు, బి సెక్షన్ నెపోలియన్ తరఫు ఫ్రెంచి వాళ్ళు, మేం ఇంగ్లీషు వాళ్ళకి సాయం రావలసిన ప్రష్యా, అంటే అప్పటి జర్మన్ రాజ్యం. అందరివీ నీలం నిక్కర్లే కాబట్టి ఏ సెక్షన్‌కి మాత్రం ఇంగ్లీషు వాళ్ళ ఎర్రకోట్లకి బదులు ఆడపిల్లల దగ్గర ఎర్ర రిబ్బన్లు అడిగి చేతులకి కట్టించారు. పొద్దున రెండో పీరియడ్‌లో మొదలవ్వాలి. మాస్టారు చెప్పు విడిచి బొటనవేలితో నేల నొక్కి చూశారు. వేలు సగం దిగబడింది. "మధ్యాహ్నం చూద్దాం" అన్నారు. "1815 జూన్ 18న నెపోలియనూ ఇదే చేశాడర్రా. ముందు రాత్రంతా వాన. ఫిరంగులు కదలవని పదకొండున్నర దాకా కూర్చున్నాడు. ఆ కూర్చోడమే కొంప ముంచింది."

మా కొంపా అదే ముంచింది. పొద్దున జరిగుంటే మాకు హిందీ లేదు.

ప్లాను మీకందరికీ గుర్తే. బెల్లు కొట్టగానే ప్రష్యా సైన్యం వంటచెరకు షెడ్డు వెనకాల నుంచి వచ్చి, వేపచెట్టు దగ్గర బి సెక్షన్‌కి కుడిపక్క తగలాలి. డెబ్బై రెండేళ్ళ ప్రష్యా సేనాపతి బ్లూహర్‌గా తాబేలుగాణ్ణి వేశారు. ఎంపికలోనే ఉంది మాస్టారి హాస్యం. మేం బెంచీల మీద సగం లేచి కూర్చున్నాం. హిందీ టీచరుగారు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశారు. తాబేలు లేచి "మేడం, మేం వాటర్లూ వెళ్ళాలి" అన్నాడు. "నీళ్ళ పీరియడ్ అయిపోయింది, కూర్చో" అన్నారు ఆవిడ.

ఆ రోజు పాఠం 'నే' ప్రత్యయం. రామ్ నే రోటీ ఖాయీ. రోటీ స్త్రీలింగం కాబట్టి ఖాయీ. లోపల ఆ 'నే' నడుస్తుంటే బయట నెపోలియన్ సేనాని మార్షల్ 'నే' నడుస్తున్నాడు. నాది కిటికీ పక్క సీటు. వాటర్లూని నేనెంత చూశానో ఆ కిటికీలోంచే చూశాను.

ఏ సెక్షన్ పిట్టగోడ వెనకాల నిలబడింది. ముందు వరసలో చీపురుకర్ర పట్టుకుని బఠాణీగాడు, జేబు ఉబ్బెత్తుగా. బి సెక్షన్ అరుచుకుంటూ రెండుసార్లు వచ్చింది, రెండుసార్లు వెళ్ళిపోయింది. అంతలో నాలుగైంది, చెరువు నుంచి కరణంగారి గేదెలు ఇంటిదారి పట్టాయి. వాటిని గ్రౌండ్‌లోకి మళ్ళించింది పంపుసెట్టుగాడే. వాడు నలభై ఏళ్ళుగా కాదంటున్నాడు, నేను నలభై ఏళ్ళుగా కిటికీలోంచి చూశానంటున్నాను. ఇరవై గేదెలు, ముందు చుక్కగేదె, పరుగు. ఏ సెక్షన్ చెల్లాచెదురైపోబోయింది. మాస్టారు పిట్టగోడ ఎక్కి "స్క్వేర్! స్క్వేర్ కట్టండ్రా!" అని అరిచారు. వారం ముందు డ్రిల్ పీరియడ్‌లో నేర్పించిందే. ఎలా కట్టారో గానీ కట్టారు. నాలుగు వైపులా మొహాలు, నాలుగు వైపులా కర్రలు.

చుక్కగేదె పది అడుగుల దూరంలో ఆగిపోయింది. వాసన చూసింది. తల ఒకసారి విదిల్చి పక్కకి తిరిగింది. వెనకవన్నీ దాని వెంట అటు సగం, ఇటు సగం చీలి స్క్వేర్ చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. బయోనెట్ల (తుపాకీ కొసన కత్తుల) కంచెలోకి గుర్రాన్ని దూకించలేరని, వాటర్లూలో వేల గుర్రాలు అలా చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయాయని మాస్టారు బోర్డు మీద ఎన్నిసార్లు గీసినా ఎక్కలేదు. చుక్కగేదె ఒక్కసారి తల విదిలిస్తే ఎక్కింది.

అయితే అసలు మార్షల్ నే ఒక పని మర్చిపోయాడు. స్క్వేర్ అంటే గుర్రాలకి గోడ, ఫిరంగులకి పండగ. కదలదు, ఒత్తుగా ఉంటుంది, గుడ్డివాడు వేసినా తగులుతుంది. రౌతులతో పాటు ఫిరంగుల్నీ కాల్బలాన్నీ సరిగ్గా తెచ్చుకోలేదు గనక నే ఓడాడు. మన బి సెక్షన్ తెచ్చుకుంది. తడిమట్టి, కావలసినంత. గేదెలు తిరుగుతున్నాయని ఏ సెక్షన్ విడిపోలేదు, విడిపోలేదని ముద్ద మీద ముద్ద పడింది. ప్రపంచంలో వాటర్లూలో నెపోలియన్ గెలిచిన ఊరు మనదొక్కటే.

అప్పుడు వినబడింది మాస్టారి కేక. "ఎక్కడ్రా ప్రష్యా?"

మేం నలభై మందిమీ టీచరుగారి మొహం చూశాం. ఆవిడ "ఖిడ్కీ బంద్ కరో" అన్నారు. కిటికీ మూసింది నేనే. అందుకని చివర ఏం జరిగిందో నాకు ఇప్పటికీ చెప్పుడు మాటలే. మర్నాడు మూడు సెక్షన్లనీ ఎండలో నిలబెట్టారు. వెళ్ళని యుద్ధానికి మాకెందుకు సార్ అని తాబేలు అడిగితే, వెళ్ళనందుకే అన్నారు హెడ్మాస్టారు. ఇది మాత్రం న్యాయం కాదని నేను ఇప్పటికీ అంటాను.

తర్వాత పదో తరగతి, ఇంటరు, కాకినాడలో ఇంజనీరింగు, ఉద్యోగాలు, పెళ్ళి. ఇందులో మీకు తెలియనిదేం లేదు, రాయదగ్గదీ లేదు. లీడ్స్ వచ్చి పాతికేళ్ళు దాటింది. రైలు వంతెనలు చూసి ఇంకా బరువు మోస్తాయో లేదో చెప్పే పని. కొన్ని నూటయాభై ఏళ్ళనాటి రాతి కమానులు. వాటి కింద నిలబడి సంతకం పెట్టేటప్పుడు లెక్కల మాస్టారు గుర్తొస్తారు, చెవి నొప్పెడుతుంది.

2006లో మాంచెస్టర్‌లో ఉగాది. పులిహోర వరసలో ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. వెనకనుంచి ఒక గొంతు, తాపీగా: "ఎక్కడ్రా ప్రష్యా?"

ప్లేటు జారింది. తిరిగి చూస్తే బఠాణీ. పిల్లల డాక్టరు, జుట్టు లేదు, జేబు మాత్రం ఉబ్బెత్తుగానే ఉంది. వాళ్ళబ్బాయికి కొన్న ప్లాస్టిక్ సైనికుల డబ్బా అబ్బాయి రెండు వారాల్లో వదిలేస్తే తండ్రి పట్టుకున్నాట్ట. ఆ వేసవిలోనే మా గరాజ్‌లో టేబుల్ టెన్నిస్ బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, బొమ్మ సైనికులతో వాటర్లూ ఆడడం మొదలుపెట్టాం. అప్పట్నుంచి నెలలో మొదటి శనివారం వాడు ఎం62 మీద కొండలు దాటి వస్తాడు. కారు బయట వానలో, సైన్యాలు లోపల వెచ్చగా. మా ఆవిడ దీనిమీద మాట్లాడ్డం 2009లో మానేసింది.

బొమ్మలు 15 మిల్లీమీటర్లవి, పాదం నుంచి కంటిదాకా కొలత. బెటాలియన్ అనే ఒక్కో దళానికి 24, ఒక్కో బొమ్మ 33 మందికి లెక్క, అంటే దాదాపు 800 మంది. లైనులో, అంటే పక్కపక్కన పెడితే తుపాకులన్నీ పేలతాయి గాని నడక నెమ్మది. కాలమ్‌లో, అంటే వరస వెనక వరసగా పెడితే గబగబా పోతారు, పేలేది ముందు వరసే. గుర్రాలొస్తే స్క్వేర్ కట్టగలరో లేదో పాచిక చెబుతుంది. టేపుతో అంగుళాలు కొలుస్తాం, పాచికలు వేస్తాం, పోట్లాడుకుంటాం. బఠాణీ పాచికల్ని గుప్పిట్లో ఊది, గవ్వలు వేసినట్టు మోకాలి పక్కనుంచి వేస్తాడు. ఒకసారి ఆ గుప్పిట్లోంచి పాచికతో పాటు ఒక వేయించిన బఠాణీ కూడా పడి, దొర్లుకుంటూ పోయి బల్ల మీది లా హే సాంత్ అనే పొలం ఇంటి గోడ దగ్గర ఆగింది. ఫిరంగి గుండని దాన్ని అక్కడే జిగురుతో అతికించేశాం. ఇంకా ఉంది.

నేను ప్రష్యన్లకే రంగులు వేస్తాను. అడగాలా? బ్యూలో అనే సేనాని నడిపిన నాలుగో కోర్ అనే పెద్ద సైన్యభాగంలో సైలీషియా లాండ్‌వేర్ అని ఒక దళం, మనలాంటి మామూలు జనం, రైతులూ చేతిపనివాళ్ళూ. ముదురునీలం కోటు, పసుపు కాలరు, టోపీ మీద తెల్ల శిలువ. ఆ శిలువ గోరులో పదోవంతు ఉండదు. మూడు సున్నాల బ్రష్ కొనని తడిపి, పెదాల మీద సన్నగా చేసుకుని, ఊపిరి బిగబట్టి అడ్డగీత, వదిలి మళ్ళీ బిగబట్టి నిలువుగీత. ఈ మధ్య చెయ్యి వణుకుతోంది, అందుకని పొద్దున కాఫీకి ముందే వేస్తాను.

బఠాణీతో నా తగువంతా ఒకటే. వాడి లెక్కలో ప్రష్యన్లు రాకపోయినా ఇంగ్లీషు సేనాపతి వెల్లింగ్టన్ నెగ్గేవాడు. ఏ సెక్షన్ బుద్ధి. నేనంటాను: ఆ సాయంత్రం ఒక్క ప్రష్యన్లే దాదాపు 7,000 మందిని పోగొట్టుకున్నారు, చూడ్డానికొచ్చిన వాళ్ళు అంతమంది పోతార్రా? వాడంటాడు: లేటుగా ఎందుకొచ్చారు? చెప్తాను. అందరికంటే దూరంగా ఉన్న నాలుగో కోర్‌ని ముందు నడిపించారు. వావ్‌ర్ ఊళ్ళో ఇల్లంటుకుని ఇరుకు వీధి ఆగిపోయింది. లాన్ వాగు దగ్గర బురదలో ఫిరంగుల్ని మనుషులు భుజాలతో తోశారు. అయినా నాలుగున్నరకల్లా నెపోలియన్ కుడిపక్క తగిలారు. వాడు అంతా విని, బఠాణీ ఒకటి నోట్లో వేసుకుని "హిందీ క్లాసు ఉందేమో" అంటాడు.

ఈ తగువు మాతో మొదలైంది కాదు. విలియం సైబార్న్ అనే ఇంగ్లీషు అధికారి ఏళ్ళ తరబడి కూర్చుని 70 వేలకి పైగా బుల్లి లోహపు బొమ్మలతో వాటర్లూ మైదానాన్ని చేసి 1838లో లండన్‌లో ప్రదర్శనకి పెట్టాడు. ప్రష్యన్లకి మరీ ఎక్కువ చోటిచ్చాడని వెల్లింగ్టన్ వైపు వాళ్ళకి కోపం వచ్చింది. చివరికి అందులోంచి ప్రష్యన్ బొమ్మలు కొన్ని తీసేయాల్సొచ్చింది. ఇప్పుడది చెల్సీలో సైనిక మ్యూజియంలో ఉంది. దాని ముందు నిలబడి సి సెక్షన్ తరఫున నేను పడ్డ బాధ బఠాణీకేం తెలుస్తుంది? వాడు ఫోటో తీసుకుంటున్నాడు.

అప్పుడప్పుడు మరాఠాలతో జరిగిన అసాయే యుద్ధం కూడా ఆడతాం, 1803 సెప్టెంబర్ 23. అక్కడ వెల్లింగ్టన్ ఇంకా ఆ బిరుదు రాని వెల్లెస్లీయే. స్కాట్లండ్ హైలాండర్ల పక్కన నడిచినవి మద్రాసు బెటాలియన్లు, వాటిలో మన తెలుగువాళ్ళు తక్కువేం కాదు. ఉత్తరాదిలో సిపాయిని తిలంగా అనే పిలిచేవారు. బఠాణీ ఆ బొమ్మలకి రంగులు వేసి తెచ్చి పెట్టాడు. పైన ఎర్రకోటు, కింద పొట్టి నిక్కరు. ఇద్దరం కాసేపు చూశాం. "అచ్చం ఏ సెక్షన్" అన్నాను. మొదటిసారి వాడు కాదనలేదు.

మా ఆటలో ప్రష్యన్ల రాక పాచిక మీద. మొదటి టర్నుకి ఆరు పడాలి, తర్వాత టర్నుకి అయిదైనా చాలు, అలా దిగుతూ వస్తుంది. మొన్న డిసెంబర్లో ఆఖరి టర్ను, రెండు పడినా చాలు. ఒకటి పడింది. 14 బెటాలియన్లు, పెట్టెలోంచి తీసిన వాళ్ళు తీసినట్టే బల్ల అంచున నిలబడి మళ్ళీ పెట్టెలోకి పోయారు. ఒక్కో టోపీ మీద శిలువ నేను వేసిందే. బఠాణీ ఏమీ అనకుండా లేచి వెళ్ళి కిటికీ మూశాడు.

2015లో రెండు వందల ఏళ్ళ పండక్కి ఇద్దరం వాటర్లూ వెళ్ళాం. యుద్ధభూమి మీది సింహం దిబ్బ 226 మెట్లూ ఎక్కాం, బఠాణీ ఆయాసం నేను మోశాను. వాడు దిగి ఇంగ్లీషు వాళ్ళ గట్టు మీద ఫోటోలు దిగుతుంటే నేనొక్కణ్ణే ప్లాన్సెన్వా పోయాను. ప్రష్యన్లు ఇంటింటికీ కొట్లాడిన ఊరు. ఇనుపకమ్మీల మధ్య వాళ్ళ స్మారకస్తంభం, కొసన శిలువ. ఎవరూ లేరు. వాచీ చూసుకున్నాను, నాలుగూ ఇరవై. తాబేలుకి ఫోన్ చేసి "వచ్చేశాం రా" అన్నాను. వాడికి అర్థం కాలేదు. అక్కడ రాత్రి ఎనిమిదవుతోంది, అన్నం తింటున్నాడు.

పోయిన సంక్రాంతికి మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఎనభై అయిదు దాటాయి. మా బల్ల ఫోటోలు ఫోన్‌లో చూపించాను. భూతద్దం తెమ్మన్నారు. ఒక్కో ఫోటో మీద ఎంతసేపు వంగారో. పొలం ఇళ్ళు, గట్టు, పాప్లార్ చెట్లు, లాండ్‌వేర్ టోపీలు. చివర తలెత్తి, "బాగుందిరా అబ్బాయ్. మరి గేదెలేవి?" అన్నారు.

బఠాణీకి ఆ రాత్రే చెప్పాను. నెల తిరక్కుండా 15 మిల్లీమీటర్ల ఆవుల ప్యాకెట్ తెప్పించి, కొమ్ములు వేడినీళ్ళలో వంచి, నల్లరంగు వేసి తెచ్చాడు. ఇరవై. ఒకదానికి నుదుటి మీద తెల్లచుక్క.

మాస్టారు సభకి వస్తున్నారని ఆకాశవాణి చెప్పాడు. గేదెలు, రెండు స్క్వేర్లు, నాలుగో కోర్ మొత్తం చేతిసంచిలో పట్టుకొస్తున్నాం, విమానంలో సామానులో వెయ్యం. స్టేజి పక్కన రెండు బల్లలు కావాలి, కమిటీ వాళ్ళు గమనించగలరు. ఆట మూడింటికి. సి సెక్షన్ వాళ్ళు రెండున్నరకే వేపచెట్టు దగ్గరికి వచ్చేయండి. తాబేలూ, నువ్వు రెండింటికే బయల్దేరు.